మీటరు సున్నా చూపినా, ఆమె మాట వినండి

(సామూహిక వంటశాలల్లో భద్రత గురించి అమలాపురంలో జరిగిన కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీలో ఒక్కో బృందానికి ఒక్కో చిన్న యంత్రం ఇస్తున్నారు. చేతిలో పట్టుకునేంతే ఉంటుంది. గ్యాసు లీకయితే కూత పెడుతుంది, అంకె చూపిస్తుంది. దీన్ని గ్యాస్ లీక్ డిటెక్టర్ అంటారు. మనం మాటల్లో మీటరు అనుకుందాం. హాస్టళ్ల వంటశాలలకు, మధ్యాహ్న భోజనం వండే చోట్లకు, మన సంఘాలు నడిపే క్యాంటీన్లకు వెళ్లేటప్పుడు దీన్ని వెంట తీసుకువెళ్లాలని అనుకున్నాం. దీన్ని ఎలా వాడాలో చెప్పమని నన్ను పిలిచారు.

నేను ఇంజనీరును కాను. అంతా తెలిసినదాన్నని నన్ను పిలవలేదు. ఒకసారి నేను దీన్ని తప్పుగా వాడాను. నా తప్పుకు ఇంకొక స్త్రీ ఒళ్లు కాలింది. ఆ సంగతి ముందు చెప్పి, తర్వాత మీటరు సంగతి చెబుతాను.

అది 2012. మా సంఘం ఒక పట్టణంలో క్యాంటీన్ నడిపేది. ఐదుగురు స్త్రీలు పనిచేసేవారు. లెక్కలు, సరుకులు, అధికారులతో మాట్లాడడం నా పని. వంట చూసే ఆమెను అందరం పెద్దక్క అనేవాళ్లం. రెండో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. తెల్లవారుజామున నాలుగున్నరకే వచ్చి తలుపులు తీసి ఇడ్లీ పాత్ర ఎక్కించేది. ఒకరోజు నాతో, "అమ్మాయ్, పొద్దున్నే తలుపు తీస్తే గ్యాసు వాసన కొడుతోంది, ఆ తూము పక్కన" అంది.

నా బల్ల సొరుగులో ఇలాంటి మీటరే ఒకటి ఉంది. ఎవరో దాతలు ఇచ్చి ఏడాది దాటింది. తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అక్కడే నిలబడి బటన్ నొక్కాను. అది కాసేపు ఏవేవో అక్షరాలు చూపించి, సున్నా దగ్గర ఆగింది. దాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుని పొయ్యిల చుట్టూ ఒకసారి తిరిగాను. సున్నాయే. "చూడు పెద్దక్కా, మిషనే చెబుతోంది, గ్యాసేమీ లేదు" అన్నాను. సిలిండరు దించడానికి వచ్చిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. "ఆవిడకి అన్నీ అనుమానాలేనండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మూడో రోజు తెల్లవారుజామున ఆమె పొయ్యి వెలిగించేసరికి గచ్చు మీద నుంచి మంట లేచింది. మోకాళ్ల దాకా కాళ్లు, మోచేతుల దాకా చేతులు కాలాయి. ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో రెండు నెలలు ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ రోజూ వాసన వచ్చింది అమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి, మిషను పెట్టి చూశావు కదా, నా ముక్కే పాడయిందేమో అనుకుని వెలిగించాను" అంది.

మనం ఎన్నో ఏళ్లుగా పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో, పంచాయితీల్లో అడుగుతున్నది ఒక్కటే కదా. స్త్రీ చెప్పిన మాటకు విలువ ఇవ్వండి అని. అలా అడిగే నేనే, నా చేతిలోకి ఒక యంత్రం రాగానే, ఆమె మాటను పక్కన పెట్టాను. అనుభవం ఉన్న మనిషిని అనుమానపు మనిషిని చేశాను. అందుకే చెబుతున్నాను. మీటరు వాడడం నేర్చుకోవడమంటే బటన్లు నేర్చుకోవడం ఒక్కటే కాదు. అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తెలుసుకోవడం.

నేను చేసిన తప్పులు

తర్వాత తెలిసినవాళ్లను అడిగి, మీటరుతో వచ్చిన పుస్తకం చదివి, నా తప్పులు లెక్కపెట్టుకున్నాను. మూడు కనిపించాయి.

మొదటిది, మీటరును వంటింట్లోనే ఆన్ చేశాను. ఈ యంత్రాల్లో చాలావాటికి ఆన్ చేసిన చోటి గాలినే మంచి గాలి అనుకునే గుణం ఉంటుంది. ఆ గాలిని సున్నాగా పెట్టుకుని, అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. అప్పటికే కొంచెం గ్యాసు కలిసిన గాలిలో ఆన్ చేస్తే ఆ గ్యాసును కూడా సున్నాలో కలిపేసుకుంటుంది. పప్పు గిన్నెతో సహా తూచి, మొత్తం పప్పే అన్నట్టు. ఇక్కడ నష్టం మాత్రం మరో వైపు. ఉన్న గ్యాసు లేనట్టు కనిపిస్తుంది.

రెండోది, మీటరును ఛాతీ ఎత్తున పట్టుకున్నాను. మన సిలిండర్లలో ఉండే వంటగ్యాసు ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ఇది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. నీళ్లలా కిందికి జారి గచ్చు మీద, గట్టు కింద, తూములో, మెట్ల కింద గదిలో చేరుతుంది. పెద్దక్క తూము దగ్గర వాసన అని చెప్పింది. ఆమె చెప్పిన చోట నేను వంగలేదు.

మూడోది, ఆ మీటరు సరిగ్గా పనిచేస్తోందో లేదో ఏడాదిగా ఎవరూ చూడలేదు. సొరుగులో ఉన్న మీటరు సెన్సరు ఆరోగ్యంగా ఉందని ఎవరు చెప్పాలి? చచ్చిపోయిన సెన్సరు కూడా సున్నాయే చూపిస్తుంది. గ్యాసు లేకపోతే వచ్చే సున్నా, సెన్సరు లేవకపోతే వచ్చే సున్నా కంటికి ఒక్కలాగే ఉంటాయి.

మీటరు లోపల ఏముంది

ఇప్పుడు మీకు ఇస్తున్న రకంలో రెండు చిన్న పూసలు ఉంటాయి. వాటిలో సన్నటి ప్లాటినం తీగ ఉంటుంది. మీటరు ఆ పూసల్ని వేడి చేస్తుంది. గ్యాసు తగిలితే ఒక పూస మీద అది చిన్నగా కాలుతుంది. ఆ పూస వేడెక్కుతుంది, తీగలో కరెంటు నడక మారుతుంది. ఆ తేడాను అంకెగా చూపిస్తుంది. ఈ సంగతి ఎందుకు తెలియాలంటే, గ్యాసు కాలాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ బాగా తక్కువైన చోట గ్యాసు నిండుగా ఉన్నా మీటరు తక్కువ చూపిస్తుంది.

ఇంకొక సంగతి. సిలికాన్ ఉన్న పదార్థాలు ఆ పూసకు విషం. తలుపు సందులు పూడ్చే సీలెంటులో, కొన్ని పాలిష్‌లలో, కొన్ని కందెనల్లో, తలకు రాసుకునే కొన్ని సీరమ్‌లలో సిలికాన్ ఉంటుంది. వాటి పక్కన పెట్టకండి. మీ చేతిసంచిలో తలనూనెతో, సెంటుతో కలిపి మీటరు వేయకండి.

బజారులో చవకగా దొరికే ఇంకో రకం ఉంది. పొడుగు మెడ ఉంటుంది, గ్యాసు దగ్గరికి వెళ్లేకొద్దీ టిక్ టిక్ అని వేగంగా కొట్టుకుంటుంది. లీకు ఏ కీలు దగ్గర ఉందో వెతకడానికి అది పనికొస్తుంది. కానీ అది సెంటుకీ, స్పిరిటుకీ, ఒక్కోసారి ఇడ్లీ పాత్ర ఆవిరికీ కొట్టుకుంటుంది. గదిలోకి అడుగుపెట్టడం క్షేమమా కాదా అని తేల్చడానికి దాన్ని నమ్మకండి.

అంకె అర్థం

మీటరు మీద 10 అని కనబడితే గాలిలో 10 శాతం గ్యాసు ఉందని కాదు. గ్యాసు అంటుకోవాలంటే గాలిలో ఒక కనీస మోతాదు చేరాలి. వంటగ్యాసుకు అది సుమారు 2 శాతం. ఆ కనీస మోతాదును ఈ మీటరు 100 అని లెక్కపెడుతుంది. కాబట్టి 50 అంటే గాలిలో గ్యాసు ఒక శాతమే. 'ఒక శాతమేగా' అనుకోకండి, పేలుడుకు సగం దూరం వచ్చేశామని అర్థం. 100 చూపిందంటే ఇక నిప్పురవ్వ ఒక్కటే తక్కువ.

చాలా మీటర్లలో 10 దగ్గర ఒక హెచ్చరిక, 20 దగ్గర రెండో హెచ్చరిక పెడతారు. మీ మీటరులో ఎంత పెట్టారో పుస్తకంలో చూసి, వెనుక కాగితం మీద రాసి అంటించుకోండి. కూత వచ్చాక ఎంత చూపిస్తుందో చూద్దామని ముందుకు నడవకండి. కూత అంటే వెనక్కి రమ్మని.

ఒక వింత కూడా చెబుతాను. గ్యాసు మరీ ఎక్కువైతే, సుమారు 9 శాతం దాటితే, అది అంటుకోవడానికి తగినంత గాలి ఉండదు. అలాంటి చోట పూస మీద కూడా గ్యాసు సరిగా కాలదు. అంకె గబగబా పైకి వెళ్లి, మళ్లీ కిందికి పడిపోవచ్చు. అది చూసి 'తగ్గిందమ్మా' అనుకుంటే ప్రాణం పోతుంది. తలుపు తీయగానే గాలి కలిసి, ఆ గదే పేలే గది అవుతుంది. అంకె పైకి లేచి పడిపోయినా, తెర మీద పరిమితి దాటిందన్న గుర్తు వచ్చినా, అది అన్నిటికంటే పెద్ద ప్రమాదమని గుర్తుంచుకోండి.

మీటరును ఏ గ్యాసుతో సరిచేశారో కూడా అడగాలి. మీథేన్‌తో సరిచేసిన మీటరు వంటగ్యాసు దగ్గర ఉన్నదాని కంటే తక్కువ చూపవచ్చు. మీకు ఇస్తున్నవాటిని దేనితో సరిచేశారో ఇచ్చేవాళ్లను ఈ రోజే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. అడగకుండా సంతకం పెట్టి తీసుకోకండి.

వాడే పద్ధతి

ఇంటి దగ్గర బయలుదేరే ముందే మీటరు ఒళ్లు చూడండి. పగుళ్లు ఉన్నాయా, వడపోత దగ్గర దుమ్ము, పిండి అడ్డుపడ్డాయా, బ్యాటరీ నిండుగా ఉందా, చివరిసారి ఎప్పుడు సరిచేశారో చీటీ మీద తేదీ ఉందా. బ్యాటరీ మార్చాలన్నా, చార్జింగ్ పెట్టాలన్నా ఇక్కడే చేయాలి. గ్యాసు ఉందేమో అనుకున్న చోట మూత ఊడదీయకూడదు. పేలే గాలిలో వాడే మీటరు లోపల నిప్పురవ్వ పుట్టకుండా తయారుచేసినదై ఉండాలి. మన దేశంలో ఇలాంటి పరికరాలకు నాగపూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పెసో సంస్థ ఆమోదం ఇస్తుంది. ఆ గుర్తు లేని మీటరు, చేతిలో పట్టుకున్న అగ్గిపెట్టెతో సమానం.

ఆన్ చేయడం ఎప్పుడూ ఆరుబయటే. మోటారు సైకిల్ పొగ, వంట పొగ లేని చోట నిలబడండి. అది వేడెక్కే దాకా పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి. మంచి గాలిలో సున్నా వచ్చిందో లేదో చూసుకోండి. తర్వాత పరీక్ష గ్యాసు డబ్బాతో ఒకసారి తగిలించి, కూత వస్తుందో లేదో చూడండి. వాడే ప్రతి రోజూ ఇది చేయాలి. సిగరెట్ లైటరు గ్యాసు వదిలి చూసేవాళ్లున్నారు, అలా చేయకండి. అది ఎంత మోతాదో తెలియదు, సెన్సరు పాడవుతుంది కూడా. పరీక్షలో కూత రాకపోతే ఆ రోజు ఆ మీటరు లేనట్టే లెక్క.

లోపలికి వెళ్లే ముందు, అక్కడ పనిచేసే స్త్రీలను అడగండి. ఎప్పుడు వాసన వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఏ సిలిండరు మార్చాక వచ్చింది, పొద్దున్నా సాయంత్రమా. వాళ్లు చెప్పిన చోటే మీ పని మొదలవుతుంది. మీటరు వాళ్ల మాటకు తోడు, వాళ్ల మాటకు తీర్పరి కాదు.

గాలి వీచే దిక్కు చూసుకుని, గాలి మీ వీపుకు తగిలేలా గుమ్మం దగ్గరికి రండి. సెల్‌ఫోన్ బయట మరొకరి చేతికి ఇవ్వండి. ఒంటరిగా వెళ్లకండి, ఒకరు బయట నిలబడాలి. ముందు గుమ్మం దగ్గరే వంగి, తలుపు కింది సందు దగ్గర మీటరు పట్టండి. సెన్సరుకు గ్యాసు చేరి అంకె మారడానికి కొంత సమయం పడుతుంది, కాబట్టి ప్రతిచోటా అర నిమిషమైనా ఆగండి. అట్లకాడలా గిరగిరా తిప్పితే ఏమీ తెలియదు. సిలిండరు అయితే గచ్చు దగ్గర, తూము దగ్గర, గట్టు కింద చూడండి. పైపుల ద్వారా వచ్చే సహజవాయువు అయితే పైకప్పు దగ్గర చూడండి, అది గాలి కంటే తేలిక. తూములో నీళ్లుంటే మీటరు ముక్కు తడవనివ్వకండి.

గుమ్మం దగ్గరే కూత వస్తే లోపలికి వెళ్లకండి. అందరినీ బయటికి పిలవండి. లోపలున్న ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. వేయకూడదు, తీయకూడదు. మెయిన్ స్విచ్ బయట దూరంగా ఉంటే అక్కడే ఆపండి. ప్రమాదం లేకుండా చేయి అందితే సిలిండరు రెగ్యులేటరు కట్టేయండి, తలుపులూ కిటికీలూ తెరవండి. అందకపోతే ప్రాణం ముందు. దూరంగా వచ్చాకే ఫోన్ చేయండి. వంటగ్యాసు లీకులకు 1906 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంటలొస్తే 101 లేదా 112.

కూత రాలేదు, అంకె సున్నాయే, కానీ ఆమె వాసన వస్తోందంటోంది. అప్పుడు? అప్పుడు ఆమె మాటే నిలవాలి. పొయ్యి వెలిగించకూడదు. గాలి ఆడనిచ్చి, మెకానిక్‌ను పిలిపించి, కీళ్లకు సబ్బు నురగ రాయించాలి. బుడగ లేస్తే లీకు ఉన్నట్టే. వంటగ్యాసుకు వాసన దానంతట అది రాదు. మనకు తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. అంటే మనిషి ముక్కునే మొదటి డిటెక్టరుగా నమ్మి ఆ ఏర్పాటు చేశారు. అయితే ముక్కు కూడా అలవాటు పడుతుంది. చాలాసేపు లోపలే ఉన్నవాళ్లకు వాసన తెలియదు. కాబట్టి ఒకరికి వాసన వస్తోంది, పదిమందికి రావడం లేదంటే ఆ ఒక్కరినే నమ్మాలి. రబ్బరు ట్యూబు ఐదేళ్లకు మించి వాడకూడదు. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే మగవాళ్లను నేను చూశాను. మీరు చూస్తే ఆపండి.

ఈ మీటరు చెప్పలేనివి

గ్యాసు గీజరు పెట్టిన స్నానాల గదిలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ చాలా కొద్ది మోతాదులోనే మనిషిని చంపుతుంది. ఆ మోతాదుకు ఈ మీటరు కూత పెట్టదు. మురుగు గుంతలోని విషవాయువును, ఆక్సిజన్ లేకపోవడాన్ని కూడా ఇది చెప్పదు. కాబట్టి 'మన దగ్గర మీటరు ఉంది కదా' అని ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దింపనివ్వకండి. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలాంటి చావులకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మీటరు ఆ చట్టాన్ని దాటవేసే సాకు కాకూడదు.

ఇక మన కోనసీమ సంగతి. మనం నడిచే నేల కింద గ్యాసు గొట్టాలున్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన మంట మార్చి 15 దాకా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు పైపులైను పగిలి, మంటల్లో 20 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందే లీకుల సంగతి చెప్పామని గ్రామస్తులు పత్రికల వాళ్లతో అన్నారు. మళ్లీ అదే మాట. చెప్పారు, వినలేదు. సహజవాయువుకు సొంత వాసన లేదని కూడా గుర్తుంచుకోండి. పొలంలో బుస్సుమని శబ్దం వచ్చినా, నీళ్లలో బుడగలు లేచినా, మడిలో ఒక చోట పైరు ఎండిపోయినా మీ మీటరు పట్టుకుని అక్కడికి వెళ్లకండి. ఆ పనికి ఇది కాదు. గాలికి ఎదురు దిక్కుగా దూరం వెళ్లండి, పొయ్యిలు వెలిగించవద్దని చుట్టుపక్కల ఇళ్లకు చెప్పండి, పైపులైను రాయి మీదున్న నంబరుకీ 112కీ ఫోన్ చేయండి, ఎవరికి ఏ గంటకు చెప్పారో రాసుకోండి.

రాసిపెట్టడం, ఆపడం

రాసుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. పెద్దక్క ప్రమాదం తర్వాత అధికారులు వచ్చి, వాసన వస్తోందని ముందే తెలుసా అని అడిగారు. ఆమె నాకు చెప్పిందనడానికి ఒక్క అక్షరం లేదు. నేను చెప్పాను కాబట్టి సరిపోయింది. నేను ఒప్పుకోకపోతే ఆమె అజాగ్రత్తే అయ్యేది. అందుకని ప్రతి వంటశాలలో ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, గంట, వాసన ఎవరికి వచ్చింది, ఎక్కడ, మీటరు ఎంత చూపింది, ఎవరికి చెప్పారు, వాళ్లు ఏం చేశారు. రాయలేని వాళ్ల మాట మీరు రాసి చదివి వినిపించండి. ప్రమాదం జరిగితే డీలరుకు వెంటనే లిఖితంగా తెలియజేయాలి. గ్యాసు ప్రమాదాలకు ఆయిల్ కంపెనీలు చేయించే బీమా ఉంటుంది, దానికి వినియోగదారు ప్రీమియం కట్టనక్కరలేదు. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

ఇంకొకటి, మనలో కాలిన గాయాల కేసులు చూసేవాళ్లకు. 'స్టవ్ పేలింది' అన్న మాట వెనుక ఎన్ని హత్యలు దాచారో మన ఉద్యమానికి తెలుసు. ఇప్పుడు 'గ్యాసు లీకయింది' అంటున్నారు. అలాంటి ఇంటికి వెళ్లి మీటరు పెట్టి, సున్నా చూపింది కాబట్టి లీకు అబద్ధమని మీరు తేల్చకండి. తలుపులు తెరిచాక గ్యాసు ఎంతో సేపు నిలవదు. మర్నాటి సున్నా దేనికీ సాక్ష్యం కాదు. మీరు సిలిండరూ రెగ్యులేటరూ ముట్టుకుంటే ఉన్న సాక్ష్యం కూడా చెడిపోతుంది. వాటిని అలాగే ఉంచి, స్వాధీనం చేసుకుని ఫోరెన్సిక్ పరీక్షకు పంపమని రాతపూర్వకంగా అడగండి. పెళ్లయిన ఏడేళ్ల లోపు కాలిన గాయాలతో మరణిస్తే వరకట్న మరణం కోణంలో చూడాలి. పాత శిక్షాస్మృతిలో 304-బి గా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్ అయింది. ఆమె బతికి ఉంటే, ఆమె వాంగ్మూలమే ముందు.

చివరగా, ఆపే హక్కు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ముంచుకొస్తున్న ప్రమాదం గురించి చెప్పే హక్కు, సమాచారం పొందే హక్కు కార్మికులకు రాశారు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తిభద్రతా కోడ్ వచ్చింది. చట్టం పేరు మారింది. మన వంటింటి స్థితి మారలేదు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు, మధ్యాహ్న భోజనం వండే ఆమె ఎవరి లెక్కలోనూ కార్మికురాలు కాదు. 1999లో దీపం పథకం కింద, 2016 నుంచి ఉజ్వల పథకం కింద గ్యాసు కనెక్షన్లు స్త్రీల పేరునే ఇచ్చారు. పుస్తకం మీద పేరు ఆమెది. 'ఈ రోజు పొయ్యి వెలిగించను, ముందు చూపించండి' అనే అధికారం మాత్రం ఆమెకు ఉందా? వంట ఆలస్యమైతే తిట్టేది ఎవరు? కూలి పోయేది ఎవరికి?

కాబట్టి మీరు వెళ్లిన ప్రతి వంటశాలలో మీటరు తీయక ముందు ఒక తీర్మానం చేయించండి. వండే మనిషికి వాసన వచ్చిందంటే పొయ్యి వెలగదు. ఎందుకని అడగరు, కూలి కోయరు, నవ్వరు. మీటరు ఆ తర్వాత.

పెద్దక్క ఇప్పుడు వంట మానేసింది. వేళ్లు పూర్తిగా ముడవవు. కిందటేడు కొత్త క్యాంటీన్ తెరిచినప్పుడు ఆమెను పిలిచాను. మీటరును వాకిట్లో ఆన్ చేసి, సున్నా చూపించి, ఆమె చేతికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకు తిరిగి ఇచ్చేసింది. "ఇది నువ్వే పట్టుకో అమ్మాయ్, నేను ముందు నడుస్తాను, వాసన ఎక్కడో చెబుతాను" అంది. ఆ రోజు ఆమె వెనకే నడిచాను.

మీరూ అలాగే నడవండి. సెలవు.